వరంగల్ నుంచి విమానాల చదువు: ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో చేరే ముందు, చేరిన తరువాత ఏం చేయాలి

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఆరంభంలో అనుమతి ఇచ్చిన నాటి నుంచి, ఎంపీసీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒకే మాట వినిపిస్తోంది. హన్మకొండలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా దూరపు బంధువు ఒకాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు: "ఎయిర్‌పోర్టు మనకాడికే వస్తున్నదట గద తమ్మీ, మా బిడ్డను ఏరోనాటికల్‌ల చేర్పిస్తే ఇంటికాడ్నే నౌకరి దొరుకుతది గదా?"

దొరకదని చెప్పడానికి నాకు కొంత మొహమాటం వేసింది గానీ, జవాబు మాత్రం అదే. నిజాం కాలంలో 1930లో కట్టి, 1981 వరకు వాడుకలో ఉన్న ఆ విమానాశ్రయం మళ్లీ తెరుచుకుంటే మన జిల్లాలకు మేలే. అయితే విమానాశ్రయంలో పని చేసేవారు టికెట్లు, సామాన్లు, భద్రత, రన్‌వే నిర్వహణ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చూసుకునేవారు. ఏరోనాటికల్ ఇంజినీరు కూర్చునే చోటు డిజైన్ ఆఫీసు, విడిభాగాల ఫ్యాక్టరీ, పరీక్షాశాల, క్షిపణుల ల్యాబ్. అవి మనకు దగ్గరలో హైదరాబాద్‌లో ఉన్నాయి, ఆపైన బెంగళూరులో ఉన్నాయి. ఈ తేడా తెలియకుండా బ్రాంచి ఎంచుకున్నవారు నాలుగేళ్ల తరువాత తెలుసుకొని బాధపడటం నేను చాలాసార్లు చూశాను. నేను కూడా ఇక్కడి నుంచే వెళ్లి ఈ చదువు చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో విమాన భాగాల బలాన్ని లెక్కగట్టే పనిలో ఉన్నాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు విద్యార్థులను, వారి తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని, ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: నాలుగు పనులను విడదీసి చూడండి

"విమానాల లైన్" అని మనవాళ్లు ఒకే మాటతో చెప్పేది నిజానికి నాలుగు వేరు వేరు దారులు. వీటికి చదువు వేరు, పరీక్ష వేరు, ఖర్చు వేరు.

విమానం నడపడం పైలట్ పని. దానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, శిక్షణ సంస్థలో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన గంటలు ఎగరాలి. బీటెక్ ఏరోనాటికల్ చేసినవారికి ఆ లైసెన్సులో ఏ మినహాయింపూ రాదు. పైలట్ కావాలన్న కోరికతో ఈ బీటెక్‌లో చేరితే నాలుగేళ్లు ఆలస్యం తప్ప మరేమీ ఉండదు.

విమానాన్ని హ్యాంగర్‌లో తనిఖీ చేసి, మరమ్మతు చేసి, ఎగరడానికి తగిన స్థితిలో ఉందని సంతకం పెట్టడం ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ పని. దీన్నే ఏఎంఈ అంటారు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆ సంతకం పెట్టే అధికారం డిగ్రీతో రాదు, పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సుతో వస్తుంది. ఆ లైసెన్సు నియమాలను సీఏఆర్-66 అంటారు. అందులో బీ1 అంటే ఇంజిన్లు, బాడీ తదితర మెకానికల్ పని, బీ2 అంటే ఏవియానిక్స్, అనగా విద్యుత్, రేడియో, పరికరాల పని. శిక్షణ ఇచ్చే సంస్థకు సీఏఆర్-147 అనుమతి ఉండాలి. కరపత్రంలో "ఏఎంఈ, వంద శాతం ప్లేస్‌మెంట్" అని రాసిన ప్రతి సంస్థకూ ఆ అనుమతి ఉందని అనుకోవద్దు. డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. డబ్బు కట్టక ముందే అందులో ఆ సంస్థ పేరు, ఏ కేటగిరీకి అనుమతి ఉందన్నది, ఎప్పటి వరకు ఉందన్నది చూడండి. చేతిపని మీద ఇష్టం ఉండి, ఇంజిన్ విప్పి బిగించడంలో ఆనందం పొందే పిల్లలకు ఇది మంచి దారి. బీటెక్ కన్నా తక్కువదని అనుకోవలసిన పని లేదు.

మూడోది తయారీ: విమాన భాగాలను ఫ్యాక్టరీలో చేయడం, కొలవడం, నాణ్యత పరీక్షించడం. నాలుగోది డిజైన్, విశ్లేషణ, పరిశోధన. ఏరోనాటికల్ బీటెక్ నేరుగా ఉపయోగపడేది ఈ చివరి రెండింటికే. మీ అమ్మాయికో అబ్బాయికో ఈ నాలుగింటిలో ఏది ఇష్టమో ఒక సాయంత్రం కూర్చొని మాట్లాడుకున్న తరువాతే మిగతా అడుగులు చదవండి.

రెండో అడుగు: ఇంటర్‌లోనే పరీక్షల లెక్క తేల్చుకోండి

ఎంపీసీ తప్పనిసరి. ఫిజిక్స్‌లో మెకానిక్స్, ద్రవాల అధ్యాయం, థర్మోడైనమిక్స్, గణితంలో కాలిక్యులస్, వెక్టర్లు, వీటిని మార్కుల కోసం కాక అర్థమయ్యేలా చదవండి. బీటెక్ మూడో సంవత్సరంలో పాఠాలు అర్థం కాలేదని చెప్పే విద్యార్థిని కొంచెం తవ్వితే, సమస్య చాలాసార్లు ఇంటర్ మొదటి సంవత్సరపు డిఫరెన్షియేషన్ దగ్గర తేలుతుంది.

జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. దాని ద్వారా జోసా (ఐఐటీలు, ఎన్ఐటీల వంటి సంస్థలకు కలిపి జరిగే సీట్ల కేటాయింపు) కౌన్సెలింగ్‌లో చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలోనూ, శిబ్‌పూర్‌లోని ఐఐఈఎస్‌టీలోనూ ఏరోస్పేస్ సీటు పొందవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ బీటెక్ ఉంది. కాన్పూర్ ఐఐటీకి సొంత ఎయిర్‌స్ట్రిప్, విమాన ప్రయోగశాల ఉన్నాయి. అక్కడి విద్యార్థి పుస్తకంలో చదివిన విషయాన్ని ఆకాశంలో పరీక్షించి చూస్తాడు.

తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. అంతరిక్ష విభాగం కింద 2007లో మొదలైన ఈ సంస్థ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకునే ప్రమాణంగా తీసుకుంటుంది, కానీ దాని దరఖాస్తు, సీట్ల కేటాయింపు జోసాలో భాగంగా ఉండవు. ఐఐఎస్‌టీ సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. ర్యాంకు వచ్చి కూడా, అన్నీ జోసాలోనే ఉంటాయనుకొని ఆ తేదీ దాటబెట్టుకున్న కుర్రవాడొకడు మా బజారులోనే ఉన్నాడు.

మన రాష్ట్రంలోని కాలేజీలకు టీజీ ఎప్‌సెట్ రాయాలి. మొత్తం 160 ప్రశ్నల్లో 80 గణితం, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు.

మూడో అడుగు: ఏరోనాటికలా, మెకానికలా?

ఇది అసలైన చిక్కుముడి. చాలామంది దీన్ని బ్రాంచి పేరు చూసి తేలుస్తారు. నా అభిప్రాయం వేరు: బ్రాంచి కన్నా ముందు కాలేజీని చూడాలి.

1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన మన వరంగల్ ఎన్ఐటీలో ఏరోనాటికల్ బీటెక్ లేదు. మెకానికల్, మెటలర్జీ ఉన్నాయి. ఒక విద్యార్థికి ఇక్కడ మెకానికల్ సీటు వచ్చే ర్యాంకు ఉండి, పేరు పెద్దగా లేని ఒక ప్రైవేటు కాలేజీలో ఏరోనాటికల్ సీటు కూడా ఉంటే, నేను ఏ మాత్రం తడుముకోకుండా కాజీపేట రైలు గేటు దాటి ఎన్ఐటీకే పొమ్మంటాను. ద్రవాల ప్రవాహం, ఉష్ణం, పదార్థాల బలం, కంపనాలు, ఇవన్నీ మెకానికల్‌లో ఉన్నాయి. విమానానికి ప్రత్యేకమైన ఏరోడైనమిక్స్ (గాలి ప్రవాహం), ఫ్లైట్ మెకానిక్స్ (విమానపు కదలిక), ప్రొపల్షన్ (ఇంజిన్లు)లను తరువాత ఎంటెక్‌లో చదువుకోవచ్చు. హైదరాబాద్‌లో 2018లో స్కైరూట్ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన పవన్ కుమార్ చందన ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివింది మెకానికల్. ఆ సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది. భారతదేశంలో ఒక ప్రైవేటు సంస్థ అంతరిక్షం వైపు పంపిన తొలి రాకెట్ అది.

మరో కోణం కూడా ఉంది, దాన్ని కౌన్సెలింగ్ సమయంలో ఎవరూ చెప్పరు. ప్రభుత్వ సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో ఫలానా పోస్టుకు "మెకానికల్" అని ఉంటే, ఏరోనాటికల్ డిగ్రీని దానికి సమానంగా తీసుకుంటారని గ్యారంటీ లేదు. కొన్నింటిలో తీసుకుంటారు, కొన్నింటిలో తీసుకోరు. మెకానికల్ పోస్టుల సంఖ్య సాధారణంగా ఎక్కువ. కాబట్టి ఏరోనాటికల్ ఎంచుకోవడం అంటే లోతు పెంచుకొని వెడల్పు తగ్గించుకోవడం. విమానాల మీద మనసు గట్టిగా నిలిచినవారికి అది సరైన బేరమే. "ఏదో ఒక ఇంజినీరింగ్" అనుకునేవారికి అది నష్టం.

హైదరాబాద్ శివారులో ఏరోనాటికల్ బ్రాంచి నడుపుతున్న కాలేజీలు కొన్ని ఉన్నాయి. దుండిగల్‌లో 2000లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజినీరింగ్, అక్కడే ఉన్న ఎంఎల్ఆర్ ఇన్‌స్టిట్యూట్, మైసమ్మగూడలోని మల్లారెడ్డి కాలేజీ వంటివి అందరికీ తెలిసినవే. వీటిలో ఏది మంచిదని నేను తీర్పు చెప్పను. మీరే చూసి తేల్చుకొనే పద్ధతి చెబుతాను.

నాలుగో అడుగు: కాలేజీకి స్వయంగా వెళ్లి ల్యాబ్ తెరిపించండి

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక రోజు కేటాయించుకొని, పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, కాలేజీకి వెళ్లండి. పరిపాలన భవనంలో కౌన్సెలర్ చెప్పే మాటలు విన్న తరువాత, ఏరోనాటికల్ విభాగానికి నడిచి, విండ్ టన్నెల్ (మోడల్ మీదుగా గాలిని పంపి, దాని మీద పడే బలాన్ని కొలిచే సొరంగం) చూపించమని అడగండి.

నా అనుభవం ఇక్కడ చెప్పక తప్పదు. నేను చేరిన కాలేజీ కరపత్రం మీద విండ్ టన్నెల్ ఫొటో పెద్దగా వేసి ఉంది. చేరిన తరువాత ఆ గది తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడానికే ఒక సెమిస్టర్ పట్టింది. నాలుగేళ్లలో దాన్ని తిప్పి చూపించింది రెండుసార్లు, అందులో ఒకసారి తనిఖీ బృందం వచ్చిన రోజు. ఫ్యాన్ తిరిగింది గానీ, మోడల్ మీద బలం కొలిచే బ్యాలెన్స్ పనిచేయలేదు. రికార్డు పుస్తకంలో మాత్రం మేమందరం పాత బ్యాచ్ రీడింగులు అందంగా రాసి పది మార్కులు తెచ్చుకున్నాం.

అందుకే ఈ ప్రశ్నలు అడగండి. టన్నెల్ బ్యాలెన్స్ పనిచేస్తుందా, చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు? విభాగంలో ఏరోస్పేస్‌లో ఎంటెక్ లేదా పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులు ఎందరు? గత సంవత్సరం పాసైనవారిలో విమాన, రక్షణ రంగాల్లో చేరినవారు ఎంతమంది, సాఫ్ట్‌వేర్‌లో చేరినవారు ఎంతమంది? ఈ చివరి ప్రశ్నకు "ప్లేస్‌మెంట్ బాగుంది" అన్న జవాబు వస్తే దాన్ని జవాబుగా లెక్కపెట్టకండి. ఏరోనాటికల్ చదివి ఐటీలో చేరడం తప్పు కాదు గానీ, ఆ రెండు అంకెలను కలిపి చెప్పడం తప్పు. అన్నిటికన్నా నమ్మదగిన సమాచారం క్యాంటీన్‌లో దొరుకుతుంది: మూడో సంవత్సరం విద్యార్థులు ఇద్దరిని పలకరించి టీ తాగించండి, చాలు. ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు కాలేజీ మొత్తానికి కాక బ్రాంచి వారీగా ఉంటుంది కాబట్టి, ఏరోనాటికల్‌కు ఉందా, గడువు ఎప్పటి వరకు అన్నది విడిగా కనుక్కోండి.

ఫీజు సంగతి కూడా అక్కడే రాయించుకోండి. కన్వీనర్ కోటాలో వచ్చినవారు రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ పోర్టల్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. దానికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. వేసవి చివర మీ సేవా కేంద్రాల దగ్గర రద్దీ ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లోనే తీసిపెట్టుకోండి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే విద్యార్థి నుంచి ముందుగా వసూలు చేస్తారా, సర్టిఫికెట్లు ఆపుతారా అని సూటిగా అడగండి.

ఐదో అడుగు: మొదటి రెండేళ్లు పునాది, మూడో ఏడాది అసలు చదువు

మొదటి సంవత్సరంలో విమానం మాటే వినిపించదు. గణితం, ఫిజిక్స్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, ప్రోగ్రామింగ్ ఉంటాయి. విసుగు చెందకండి. రెండో ఏడాది ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ వస్తాయి. మూడో ఏడాది ఏరోడైనమిక్స్, విమాన నిర్మాణాలు, ప్రొపల్షన్, ఫ్లైట్ మెకానిక్స్, కంట్రోల్స్ వస్తాయి. పాఠం కాలేజీలో సరిగా జరగకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటిని చూడటంతో సరిపెట్టుకోక, అసైన్‌మెంట్లు కాగితం మీద చేయండి.

చదివినది చేతికి రావాలంటే రెండో ఏడాది సెలవుల్లో ఒక చిన్న గ్లైడర్ చేయమని నా సలహా. మోటారు వద్దు. థర్మకోల్ లేదా బాల్సా కర్రతో, ఒక మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క. అంటే విస్తీర్ణం 0.2 చదరపు మీటర్లు. రెక్క మీద పుట్టే లిఫ్ట్, అనగా పైకి ఎత్తే బలం, లెక్క ఇది: గాలి సాంద్రతలో సగాన్ని వేగ వర్గంతో, రెక్క విస్తీర్ణంతో, లిఫ్ట్ గుణకంతో గుణించాలి. గాలి సాంద్రత పుస్తకంలో ఉన్నట్లు ఘనపు మీటరుకు 1.225 కిలోలు, వేగం సెకనుకు 10 మీటర్లు, గుణకం 0.5 అనుకుంటే 6.1 న్యూటన్లు వస్తుంది. అంటే ఆ రెక్క దాదాపు 620 గ్రాముల బరువును మోయగలదు.

ఇప్పుడు అదే లెక్కను మన ఊరికి తెచ్చి చూడండి. పుస్తకంలోని 1.225 సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు చెప్పిన అంకె. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 265 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి, ఆ ఎత్తుకు గాలి పలచబడి సాంద్రత 1.08 దగ్గరకు దిగుతుంది. అదే రెక్క, అదే వేగం, కానీ ఇప్పుడు మోసే బరువు 550 గ్రాములే. పాత బరువునే మోయాలంటే వేగాన్ని సెకనుకు 10.6 మీటర్లకు పైగా పెంచాలి. ఎండాకాలం మధ్యాహ్నం నిజమైన విమానానికి కూడా ఎక్కువ పొడవు రన్‌వే ఎందుకు కావాలో ఈ లెక్క చెబుతుంది. ఇది ఒక్కసారి చేత్తో వేసిన విద్యార్థికి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎప్పుడు ఎదురైనా తడబాటు ఉండదు.

గ్లైడర్ తయారయ్యాక సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ మైదానానికి తెల్లవారుజామున, గాలి లేనప్పుడు తీసుకెళ్లండి. ముందుగా బరువు ఎక్కడ తూగుతుందో చూడండి. రెక్క ముందు అంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల వెనుక రెండు వేళ్ల మీద నిలిపితే గ్లైడర్ సమంగా నిలవాలి. చేత్తో నేలకు సమాంతరంగా విసిరినప్పుడు ముక్కు పైకెత్తి, ఒక క్షణం ఆగి, దభాలున కింద పడిందా? బరువు వెనక్కి ఉన్నట్లు. ముక్కుకు కొంచెం బంకమట్టి అంటించండి. విసిరిన వెంటనే నేలకేసి పోతే మట్టి ఎక్కువైనట్లు. ఇలా ఇరవై ముప్పై విసుర్లలో మీకు లాంగిట్యూడినల్ స్టెబిలిటీ (ముక్కు పైకీ కిందికీ ఊగకుండా నిలకడగా ఉండటం) అన్న పాఠం మొత్తం అర్థమవుతుంది. మా అధ్యాపకుడు బోర్డు మీద రెండు వారాలు చెప్పిన విషయం నాకు ఒక పొద్దుటి పూట బంకమట్టి నేర్పింది. తరువాత మోటారు బిగించి రేడియోతో నడిపే స్థాయికి వెళ్లేటప్పుడు మాత్రం 2021 నాటి డ్రోన్ నియమాలు చదువుకోండి. 250 గ్రాముల బరువు దాటినవాటికి నియమాలు కఠినమవుతాయి.

నిర్మాణాల పాఠంలో కూడా ఇలాంటి ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకోండి. లాగుతున్న ఒక వెడల్పాటి రేకులో చిన్న గుండ్రటి రంధ్రం చేస్తే, ఆ రంధ్రం అంచున ఒత్తిడి (స్ట్రెస్, అనగా లోహం లోపలి బలం) మామూలు చోటు కన్నా మూడు రెట్లు ఉంటుంది. విమానం ఒంటి నిండా రివెట్ల రంధ్రాలే. పదును మూల ఉంటే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 1954లో కామెట్ అనే బ్రిటిష్ జెట్ ప్రయాణికుల విమానాలు రెండు గాలిలో విచ్ఛిన్నమైనప్పుడు, బాడీలో చేసిన కోతల మూలల దగ్గర లోహపు అలసట వల్ల పగుళ్లు పుట్టాయని విచారణలో తేలింది. నేను ఈ రోజుకీ ఆఫీసులో చేసే పని ఎక్కువగా ఇదే: రంధ్రం ఎక్కడుంది, దాని చుట్టూ ఎంత ఒత్తిడి, ఎన్ని వేల ఎగురుళ్ల తరువాత పగులు మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్ల విషయంలో అన్నీ నేర్చుకోవాలని పరుగెత్తకండి. డ్రాయింగ్‌కు కాటియా, బలం లెక్కలకు ఆన్సిస్ లేదా నాస్ట్రాన్, లెక్కలకు మ్యాట్‌ల్యాబ్ లేదా పైథాన్ ఎక్కువగా వాడతారు. డిజైన్, స్ట్రెస్, ప్రవాహ విశ్లేషణ అనే మూడింటిలో ఒకదాన్ని మూడో ఏడాది చివరికి ఎంచుకొని, దానికి సంబంధించిన ఒక్క సాఫ్ట్‌వేర్‌లో గట్టిపడండి. అమీర్‌పేటలో నలభై రోజుల్లో ఆరు సాఫ్ట్‌వేర్లు నేర్పుతామనే చోట చేరితే ఆరింటి మెనూలు తెలుస్తాయి, అంతే. రంగుల బొమ్మ చూపించిన విద్యార్థిని ఇంటర్వ్యూలో మేము అడిగే మొదటి ప్రశ్న, "ఈ జవాబు సరైనదని చేతి లెక్కతో ఎలా సరిచూశావు?" అన్నదే.

ఆరో అడుగు: ఉద్యోగాలు ఎక్కడ, ఏ ద్వారం నుంచి

హైదరాబాద్ నుంచి మొదలుపెడదాం. కంచన్‌బాగ్ వైపు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్ ఉన్నాయి. మద్రాసు ఎంఐటీలో ఏరోనాటికల్ చదివిన అబ్దుల్ కలాం 1980లలో డీఆర్‌డీఎల్‌కు సారథ్యం వహించిన కాలంలోనే పృథ్వి, అగ్ని రూపుదిద్దుకున్నాయి. ఈ ల్యాబుల్లో సైంటిస్ట్-బి పోస్టులకు గేట్ (బీటెక్ తరువాత రాసే జాతీయ పరీక్ష) స్కోరు ప్రధాన ద్వారం. గేట్‌లో ఏరోస్పేస్‌కు ప్రత్యేక పేపరు ఉంది, దాని సంకేతం ఏఈ. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అదే స్కోరుతో బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ, ఐఐటీల్లోనూ ఎంటెక్‌కు వెళ్లవచ్చు. సాధారణ కాలేజీలో బీటెక్ చదివిన విద్యార్థికి గేట్ రెండో అవకాశం లాంటిది: నాలుగేళ్ల కింద ఎప్‌సెట్‌లో పోయిన ర్యాంకును ఇక్కడ తిరిగి తెచ్చుకోవచ్చు. మూడో ఏడాది మొదట్లోనే తయారీ మొదలుపెట్టండి.

తయారీ రంగంలో ఆదిభట్ల వైపు టాటా సంస్థలు ఉన్నాయి. అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే విమానపు తోక భాగాలు హైదరాబాద్‌లో తయారై వెళ్తున్నాయి. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు హ్యాంగర్లు ఉన్నాయి. లీప్ అనే జెట్ ఇంజిన్లకు మరమ్మతు చేసే ఫ్రెంచి కంపెనీ సఫ్రాన్ కేంద్రం 2025 నవంబరులో అక్కడే ప్రారంభమైంది. బాలానగర్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ ఏవియానిక్స్ విభాగం ఉంది. కొత్తగా చేరేవారికి ఫ్యాక్టరీల్లో దొరికే మొదటి పని ఎక్కువగా నాణ్యత, ప్రణాళిక, తయారీ ఇంజినీరింగ్ విభాగాల్లో ఉంటుంది. డిజైన్ కాదని చిన్నబుచ్చుకోకండి. భాగం ఎలా తయారవుతుందో చూసిన రెండేళ్లు తరువాత డిజైన్ టేబుల్ దగ్గర ఎంతో అక్కరకొస్తాయి.

విదేశీ విమాన కంపెనీలకు పని చేసిపెట్టే ఇంజినీరింగ్ సేవల సంస్థలు హైదరాబాద్, బెంగళూరుల్లో చాలా ఉన్నాయి. మన కుర్రవాళ్లు ఎక్కువమంది అడుగుపెట్టేది ఇక్కడే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువగా ఉండటం మామూలు. ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పక్కింటి పిల్లవాడి ప్యాకేజీతో పోలిక ప్రతి పండుగకూ వినవలసి వస్తుంది.

వైమానిక దళంలో ఏరోనాటికల్ ఇంజినీర్ అన్న పేరుతోనే టెక్నికల్ బ్రాంచి ఉంది. ఏటా రెండుసార్లు జరిగే ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఎస్ఎస్‌బీ (సైనిక అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ నెగ్గాలి. వయసు 20 నుంచి 26 ఏళ్ల మధ్య ఉండాలి. శిక్షణ మన దుండిగల్ అకాడమీలో మొదలై, బెంగళూరు జాలహళ్లిలోని టెక్నికల్ కాలేజీలో సాగుతుంది. ఇస్రో తన సొంత రాత పరీక్ష పెట్టి తీసుకుంటుంది. ప్రకటనలో బ్రాంచి పేర్లను అక్షరం అక్షరం చదవండి. మామునూరులోనే పని చేయాలన్న కోరిక ఉన్నవారికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పోస్టులు ఉన్నాయి. వాటికి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవారూ అర్హులే, ఏరోనాటికల్ అవసరం లేదు. పోస్టింగ్ ఎక్కడిస్తారన్నది మాత్రం మన చేతిలో ఉండదు.

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లేవారు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఒక హెచ్చరిక. అక్కడి రక్షణ, రాకెట్ సాంకేతికత ఎగుమతి నియంత్రణ చట్టాల కింద ఉంది. ఆ కంపెనీల్లో చాలా పోస్టులు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే దక్కుతాయి. చదువు పూర్తి చేసి, అప్పు నెత్తిన పెట్టుకొని, ఈ గోడ దగ్గర ఆగిపోయి ఆటోమొబైల్‌కో సాఫ్ట్‌వేర్‌కో మళ్లినవారు నా క్లాసులోనే ఉన్నారు. వెళ్లాలనుకుంటే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్, ఫ్రాన్స్‌లోని టౌలూస్, జర్మనీలోని మ్యూనిక్, స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయాలను కూడా చూడండి. అక్కడ కూడా రక్షణ రంగపు పోస్టులకు పరిమితులు ఉన్నాయి గానీ, పౌర విమాన రంగం పెద్దది. ఉద్యోగానికి ఆ దేశపు భాష నేర్వక తప్పదు.

చివరి సంవత్సరంలో తప్పిపోకూడని పని

డిగ్రీ చేతికి వచ్చిన వెంటనే ఉద్యోగం దొరకనివారు ఇంట్లో ఖాళీగా కూర్చోకుండా, గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్‌కు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. డీఆర్‌డీఓ ల్యాబులు, భారత్ డైనమిక్స్, హెచ్ఏఎల్ వంటి సంస్థలు ఏడాది పాటు స్టైపెండ్ ఇచ్చి తీసుకుంటాయి. ఇది పర్మినెంట్ ఉద్యోగం కాదు, తరువాత ఇస్తామన్న హామీ కూడా ఉండదు. అయినా అసలైన డ్రాయింగు, అసలైన భాగం, అసలైన తనిఖీ నివేదిక చూసే అవకాశం బయట దొరకదు. పాసైన సంవత్సరం నుంచి నిర్ణీత కాలంలోపు ఉన్నవారినే తీసుకుంటారు కాబట్టి, కాన్వొకేషన్ దాకా ఆగవద్దు. ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్లే ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనుక ఒకచోట ఉన్నందుకు భద్రతా పరిశీలనలో మూడు నెలలు ఆగిపోయిన మిత్రుడు, ఆ సవరణ కోసం కరీంనగర్‌కు ఆరుసార్లు తిరిగాడు.